రెండో గీత

"ఫిబ్రవరి సెలవులకి మాతోపాటు నువ్వూ ఫ్రాన్స్ రాకూడదూ" అని లోర్నా ఫోన్లో అడగ్గానే బ్రిజెట్ ఏమాత్రం తటపటాయించకుండా వస్తానంది. అవతల లోర్నా కంగుతింది. పాపం, ఆమె మర్యాదకి పిలిచింది. మర్యాదకి పిలిస్తే అంత మర్యాదగానూ వీలుపడదని చెప్పాలన్న సంగతి ఇంగ్లండులో పుట్టినవాళ్ళకి ఉగ్గుపాలతోనే పట్టుబడుతుంది. బ్రిజెట్‌కి యాభై దాటాయి. ఆమె వస్తానన్నది ఆ మర్యాద తెలియక కాదు.

"నీకు మంచులో జారడం అంటే పడదనుకున్నానే" అంది లోర్నా కాస్త తేరుకుని.

"నేర్చుకుంటాలే. రోజులెలా ఉన్నాయో చూస్తున్నాంగా, అయినవాళ్ళతో నాలుగు రోజులు గడపాలనిపిస్తోంది" అంది బ్రిజెట్. ఫోన్ పెట్టేసి, కూనిరాగం తీస్తూ టీ కలుపుకుంది.

లోర్నా బ్రిజెట్ తమ్ముడు హ్యూగో భార్య. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు గానీ, వాళ్ళ పెళ్ళయినప్పట్నుంచీ బ్రిజెట్ ఆ ఇంట్లో పావు పెత్తనం కూడా చేసి ఎరగదు. యార్క్‌షైర్‌లో ఒకే ఊళ్ళో రెండు వీధుల అవతల ఉంటూ, హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పుకుంటూ, తల్లి మ్యూరియల్‌ని చూసుకుంటూ తన బతుకేదో తాను బతికేది. రెండేళ్ళ కిందటి వరకూ మరదలంటే ఆమెకి ప్రేమా లేదు, పగా లేదు. ఇప్పుడు పగ ఉంది. కుండీలో మొక్కకి పోసినట్టు రోజూ నీళ్ళు పోసి మరీ పెంచుకుంది దాన్ని.

రెండేళ్ళ కిందట కూడా ఫిబ్రవరి సెలవులకి హ్యూగో కుటుంబం స్కీయింగ్‌కని వెళ్ళింది, ఇటలీ ఉత్తరాన ఉన్న కొండలకి. వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడు ఆదివారం, మ్యూరియల్‌కి ఎనభయ్యో పుట్టినరోజు. అక్కడ కొత్త అంటుజబ్బు మొదలైందనీ, అటునుంచి వచ్చి దగ్గుతున్నవాళ్ళు ఇల్లు కదలొద్దనీ అప్పటికే రేడియోలో చెబుతున్నారు. అయినా హ్యూగో, లోర్నా, కూతురు టాబిథా, ముగ్గురూ భోజనానికి వచ్చారు. బల్ల దగ్గర లోర్నా చేతిగుడ్డ అడ్డం పెట్టుకుని ఒకసారి, మళ్ళీ ఒకసారి దగ్గింది. కొండమీది పొడిగాలికి గొంతు పట్టేసిందని చెప్పింది. మ్యూరియల్ తన పుట్టినరోజు భోజనం వదిలి లేచి వెళ్ళి, తేనె నిమ్మరసం వేడిగా కలిపి తెచ్చి, కోడలి చెంప నిమిరి, తాగేదాకా పక్కనే నిలబడింది. మార్చి నెల గడవకుండానే ఆవిడ ఆసుపత్రిలో పోయింది. ఎవరో నర్సు పట్టుకున్న ఫోన్లోంచి బ్రిజెట్ తల్లిని కడసారి చూసుకుంది. ఆ నర్సు చెయ్యి అలసిపోయి ఫోన్ పక్కకి వాలినప్పుడల్లా గోడ కనిపించింది.

అంత్యక్రియల్లో కుర్చీలు ఒకదానికొకటి అందనంత దూరంగా వేశారు. అంతా అయ్యాక బయట చినుకుల్లో లోర్నా దగ్గరికొచ్చి, ఎక్కణ్ణుంచి అంటుకుందో ఎవరు చెప్పగలరు, పోస్ట్‌మన్ దగ్గర్నుంచైనా వచ్చుండొచ్చు అంది. ఆ మాట బ్రిజెట్ గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది. ఆ పోస్ట్‌మన్ ఇరవై ఏళ్ళుగా ఆ గుమ్మంలో ఉత్తరాలు వేస్తున్నాడు, పాపం, ఒక్కనాడు తుమ్మి ఎరగడు.

బ్రిజెట్‌కి కావలసింది ఒక్కటే. "నాకు తెలుసు" అని లోర్నా తన నోటితో తాను అనాలి. తన వాళ్ళందరి ముందూ అనాలి. తెలిసే దగ్గుకుంటూ వచ్చాను, తెలిసే ఆ ముసలామె చేత చెంప నిమిరించుకున్నాను అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఆమె ఏడిస్తే ఏడవనీ.

హ్యూగో సంగతి వేరు. అతను నోట్లో నాలుక లేనివాడు. చిన్నప్పట్నుంచీ "గొడవెందుకు" అనేది అతని ఊతపదం. తల్లి పోయాక మనిషి సగమయ్యాడు. బుధవారం సాయంత్రాలు ఒక్కడే అక్క ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని కళ్ళు తుడుచుకునేవాడు. బ్రిజెట్ అతనికి ఇష్టమైనవి వండిపెట్టి, వీపు నిమిరి, ఈ అమాయకుడు ఆ మనిషితో ఎలా వేగుతున్నాడో అని లోలోపల జాలిపడేది.

మళ్ళీ ఆ కొండలెక్కడానికి లోర్నా పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదటి ఏడాది దేశాలే తలుపులు మూసేశాయి. రెండో ఏడాది శరత్తులో అన్నీ తెరిచారని సంబరపడి, కొండమీద చెక్క బంగళా మాట్లాడుకుంది. క్రిస్మస్ వారంలో బయల్దేరాలి. సరిగ్గా దానికి ముందు ఫ్రాన్స్ వాళ్ళు ఇంగ్లండు నుంచి వచ్చే సరదా జనానికి దారి మూసేశారు. లోర్నా ఫోన్లో నిజంగానే ఏడ్చింది. బ్రిజెట్ ఎంతో ఓపిగ్గా ఓదార్చి, ఫోన్ పెట్టేసి, పండక్కని దాచిన తీపి కజ్జికాయల్లో రెండు తీసి వేడిచేసుకుని మీగడ వేసుకుని తింది.

జనవరిలో మళ్ళీ దారి తెరిచారు. ఇక లోర్నాకి నిద్ర లేదు. నిబంధనలు వారానికోసారి మారుతున్నాయి. పన్నెండు దాటిన పిల్లలకి టీకా చీటీ లేకపోతే కొండమీదికెళ్ళే తీగబండి ఎక్కనివ్వరట, మా టాబిథాకి రెండో టీకా ఇంకా పడలేదు, ఏం చెయ్యను అని ఒక రోజు. అక్కడికెళ్ళాక ఎవరికైనా వస్తే గదిలో పెట్టి తాళం వేస్తారట, బడి తెరిచే వేళకి రాలేకపోతే ఎలా అని ఇంకో రోజు. ప్రతి ఇంట్లోనూ ఇదే గోల. స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు టీచర్లు కలిస్తే పాఠాల మాట లేదు, ఏ సరిహద్దులో ఏ చీటీ అడుగుతున్నారన్నదే చర్చ. బ్రిజెట్ మాత్రం మరదలి ప్రతి దిగులునీ శ్రద్ధగా వినేది, ఇంకో నాలుగు కొత్త దిగుళ్ళు గుర్తుచేసేది. ఇంతలో వాళ్ళతో రావలసిన ఇంకో కుటుంబం భయపడి విరమించుకుంది. గది ఖాళీ అయింది. అలా వచ్చింది ఆ మర్యాద పిలుపు.

బయల్దేరేముందు అందరూ ముక్కులో పుల్ల పెట్టుకుని పరీక్ష చేసుకోవాలి. పట్టీ మీద ఒకటే గీత వస్తే సరే. రెండో గీత వచ్చిందా, ఇంట్లో కూర్చోవాలి. ఆ పట్టీని ఫొటో తీసి పంపితే పరీక్షల కంపెనీ వాళ్ళు చీటీ ఇస్తారు, ఆ చీటీ ఉంటేనే సముద్రం కింది సొరంగం దాటనిస్తారు. ఈ పరీక్షల్లో బ్రిజెట్ ఆరితేరింది. ఏడాదిగా బడి జిమ్ హాల్లో పిల్లలందరికీ వరసగా చేయిస్తున్నది ఆమే. అందుకని నువ్వే వచ్చి మా అందరికీ చేసిపెట్టు, నా చేతులు ఆడవు, అని లోర్నా బతిమాలింది.

పిల్లల దగ్గరే ఆమె ఇంకో విద్య కూడా నేర్చింది. పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లలకి ఉన్నట్టుండి జబ్బు ముంచుకొచ్చింది. సరిగ్గా లెక్కల పరీక్ష ఉన్న వారమే రావడంతో బ్రిజెట్‌కి అనుమానమొచ్చి ఆరా తీసింది. పుల్ల ముంచిన ద్రవానికి బదులు నాలుగు చుక్కలు నారింజరసం వేస్తే చాలు, పట్టీ మీద రెండో గీత గులాబీ రంగులో మెరిసిపోతుందట. పులుపు తగలగానే పట్టీకి పిచ్చెక్కుతుంది. రసాయనశాస్త్రం టీచరుగా ఆమెకి ముచ్చటేసింది, పిల్లల్ని తిట్టింది, విద్యని మాత్రం దాచుకుంది.

శుక్రవారం పొద్దున లోర్నా వంటింట్లో బల్ల మీద నాలుగు పట్టీలు పేర్చారు. బయట కారులో సామాను ఎక్కించి ఉంది. టాబిథా, పదమూడేళ్ళది, మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ, ముక్కులో పుల్ల పెడుతుంటే అత్తా కితకితలు అంటూ నవ్వింది. బ్రిజెట్ అందరికీ సజావుగానే చేసింది. లోర్నా దగ్గరికొచ్చేసరికి, పుల్ల ముంచిన గొట్టాన్ని అరచేతిలోకి జార్చి, కోటు జేబులోంచి అలాంటిదే ఇంకోటి తీసి దాన్లోంచి పట్టీ మీద చుక్కలు వేసింది. నారింజరసంలో నీళ్ళు కలిపి రంగు పలచబరిచి తెచ్చుకుంది. ఎవరూ చూడలేదు.

"పావుగంట ఆగాలి. ఈలోగా నేను బాత్‌రూమ్‌కి వెళ్ళొస్తా" అని మేడెక్కింది.

మేడ మీద తలుపు గడియపెట్టి, లోర్నా అసలు గొట్టంలోని ద్రవాన్ని ఇంకో పట్టీ మీద వేసి, తొట్టె అంచున కూర్చుని చూసింది. ఒకటే గీత. లోర్నాకి ఏ జబ్బూ లేదు. అది ఖాయం చేసుకోకుండా బ్రిజెట్ అడుగు ముందుకెయ్యదు, ఎందుకంటే ఈ ప్రయాణంలో రాత్రికి ఆగబోయే ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడు. తనకీ మరదలికీ ఉన్న తేడా అదేనని ఆమె తనకి తాను చెప్పుకుంది.

దిగొచ్చేసరికి వంటింటి బల్ల మీద నాలుగు పట్టీలు, నాలుగింటి మీదా ఒకటే గీత.

"అందరం పాస్" అంది లోర్నా. మొహం పాలిపోయి ఉంది. హ్యూగో సింకు దగ్గర నిలబడి కప్పులు కడుగుతున్నాడు.

నారింజరసం అబద్ధమాడదు. అంటే ఆ పట్టీ చెత్తబుట్టలోకి పోయింది, దాని చోట్లో ఇంకోటి వచ్చింది. మారిందా ఈ మనిషి? ఇంచుక కూడా మారలేదు. అప్పుడు దగ్గు దాచింది, ఇప్పుడు గీత దాచింది. ఇంకొకళ్ళయితే అక్కడే పట్టుకుని నిలదీసేవాళ్ళే. బ్రిజెట్ తొందరపడలేదు. "బయల్దేరదామా మరి" అని కోటు గుండీలు పెట్టుకుంది.

దక్షిణాన, సొరంగానికి కాస్త ఇవతల, కెంట్‌లో ఒక పల్లెలో లోర్నా తండ్రి విల్‌ఫ్రెడ్ ఉంటాడు. ఎనభై నాలుగేళ్ళు. వయసులో బొగ్గు గనిలో పనిచేసిన ఊపిరితిత్తులు, నాలుగు మాటలాడితే ఈల వేస్తాయి. కొండలకి కారులో వెళ్ళే ప్రతిసారీ మొదటి రాత్రి ఆయన దగ్గర మజిలీ చేసి, పొద్దున్నే సొరంగం దాటడం వాళ్ళ అలవాటు. బ్రిజెట్ ఎదురుచూస్తున్నది ఆ మజిలీ కోసమే. తనకి జబ్బుందని నమ్ముతున్న లోర్నా కన్నతండ్రిని కావలించుకుంటుందా, కావలించుకోదా? కావలించుకుంటే మనిషే కాదు. కావలించుకోకపోతే, ముసలివాళ్ళకి దగ్గరగా వెళ్ళకూడదని ఆమెకి బాగానే తెలుసన్నమాట. రెండిట్లో ఏదైనా బ్రిజెట్‌కి పండగే.

దారి పొడుగునా ఆ పండగకి ముందస్తు విందు జరిగింది. లోర్నా ముందు సీట్లో మాస్కు తియ్యకుండా, ఫిబ్రవరి చలిలో అద్దం దించుకుని కూర్చుంది. కడుపులో తిప్పుతోందని చెప్పింది. వెనకసీట్లో టాబిథా చలికి ముడుచుకుపోయి, "అమ్మా, కొండలదాకా ఎందుకు, ఇక్కడే మంచు పడేట్టుంది" అని విసుక్కుని, అమ్మ మెడ చుట్టూ చేతులు వెయ్యబోతే లోర్నా కసిరి వెనక్కి నెట్టింది. దారిలో తిండికి ఆగినప్పుడు లోర్నా లోపలికి రాలేదు. కారు పక్కన చినుకుల్లో నిలబడి, అందరికీ వీపు తిప్పి, సాండ్‌విచ్ తింది. బ్రిజెట్ లోపల కిటికీ దగ్గర కూర్చుని చూసింది. తన టీ ఎప్పుడూ అంత రుచిగా లేదు. వణకవే, వణుకు. మా అమ్మకి ఊపిరాడనప్పుడు నువ్వెక్కడున్నావు?

హ్యూగో మాత్రం దారంతా రేడియో పెట్టుకుని కారు నడిపాడు. మధ్యలో ఒకసారి లోర్నా ఏదో చెప్పబోతే, "తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

చీకటి పడకముందే కెంట్ చేరారు. విల్‌ఫ్రెడ్ కారు చప్పుడు విని, వంటగుడ్డ నడుముకి కట్టుకునే గుమ్మంలోకి వచ్చేశాడు. లోపల్నుంచి చేపలూ వెన్నా కలిసి కాలుతున్న వాసన. కూతురు వచ్చినప్పుడల్లా ఆయన చేపల కూర మీద బంగాళదుంప ముద్ద పరిచి కాల్చిపెడతాడు. టాబిథా దిగి పరుగెత్తి తాతని వాటేసుకుంది. హ్యూగో డిక్కీ తెరిచి సంచులు దించుతున్నాడు. లోర్నా సీట్లోంచి కదల్లేదు.

"తలనొప్పి నాన్నా" అని అద్దం సందులోంచి కేకేసింది. "మీరు తినండి. నేను కాసేపు ఇక్కడే పడుకుంటా."

"కార్లో పడుకుంటావా? లోపల మంచం వేసి పెట్టానే" అంటూ ఆయన ఈల వేసుకుంటూ కారు దగ్గరికి నడిచాడు. లోర్నా గబుక్కున అద్దం పైకెత్తి తలుపు గడియ నొక్కేసింది. ముసలాయన అద్దం మీద అరచెయ్యి పెట్టి లోపలికి వంగి చూశాడు.

"ఏంటమ్మా, నామీద అలిగావా?" అన్నాడు.

బ్రిజెట్ గుమ్మానికీ కారుకీ మధ్య నిలబడి ఉంది. ఎన్ని రాత్రులు ఈ ఘట్టాన్ని తలచుకుంటూ పడుకుందో ఆమెకే తెలియదు.

"చెప్పు లోర్నా" అంది, బడిలో వెనక బెంచీకి వినపడేట్టు మాట్లాడే గొంతుతో. "మీ నాన్నని దగ్గరికి ఎందుకు రానివ్వట్లేదో చెప్పు."

లోర్నా అవతలి పక్క తలుపు తెరుచుకుని దిగి, తడిగడ్డి మీద వెనక్కి వెనక్కి నడిచి, కంచె ఆనేదాకా వెళ్ళింది. "దగ్గరికి రాకు నాన్నా. నాకుంది. పొద్దున రెండు గీతలొచ్చాయి."

"ఇక్కడ కాదు లోర్నా" అన్నాడు హ్యూగో డిక్కీ వెనకనుంచి, మెల్లగా. "సొరంగం దాటాక చెబుదామనుకున్నాంగా."

ఆ మాట బ్రిజెట్ చెవిన పడింది కానీ అప్పటికి ఆమె ఆగే స్థితిలో లేదు. రెండేళ్ళు దాచుకున్న ప్రశ్న నాలిక చివరికొచ్చి కూర్చుంది.

"మీ నాన్న దగ్గరికి వెళ్ళకూడదని తెలిసిందే నీకు! మరి మా అమ్మ దగ్గరికి వెళ్ళకూడదని తెలియలేదా? ఆవిడ నీ చెంప నిమురుతుంటే తెలియలేదా?"

"తెలుసు" అంది లోర్నా.

ఆ మాట వినగానే బ్రిజెట్ ఒళ్ళంతా వేడెక్కింది. గెలిచాననిపించింది. అమ్మా, విన్నావా అని మనసులో అనుకుంది. ఇంకేమీ వినక్కర్లేదు, సంచి తీసుకుని స్టేషన్‌కి నడిచి ఇంటికి పోవచ్చు. కానీ లోర్నా మాట అక్కడితో ఆగలేదు.

"తెలుసు గనకే ఆరోజు కూడా నేను కార్లోంచి దిగనన్నాను. మీ వీధి మొగలో ఆపించి, తలనొప్పని చెప్పు, నేను ఇంటికి నడిచిపోతానన్నాను. అడుగు నీ తమ్ముణ్ణి. దిగి రమ్మన్నది ఎవరో అడుగు."

బ్రిజెట్ తమ్ముడివైపు తిరిగింది. హ్యూగో చేతిలో స్కీ బూట్ల సంచి అలాగే ఉంది.

"అమ్మ పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే నిలబడింది బ్రిజ్" అన్నాడు. "యార్క్‌షైర్ పుడింగులు పొంగి ఉంటాయి. మనం ఆలస్యం చేస్తే కూలిపోతాయి, అమ్మ చిన్నబుచ్చుకుంటుంది. కొండగాలి దగ్గని చెబితే సరిపోతుందిలే అన్నాను. పుట్టినరోజునాడు గొడవెందుకని..."

"జ్వరం సంగతి కూడా చెప్పు" అంది లోర్నా కంచె దగ్గర్నుంచే. "నాకు దగ్గే. జ్వరం అతనికి, బ్రిజెట్. ఇటలీలో చివరి రాత్రి ఒళ్ళు కాలిపోయింది. మాత్రలు వేసుకుని విమానం ఎక్కాడు, మాత్రలు వేసుకుని భోజనానికి వచ్చాడు. మీ అమ్మని అందరికంటే ఎక్కువసేపు కావలించుకున్నది ఎవరో నువ్వే చూశావు. పోస్ట్‌మన్ మాట కూడా నాకు తోచింది కాదు. ఏదో ఒకటి చెప్పు, లేకపోతే అక్క వదలదని అతనే నేర్పాడు. ఇవాళ పొద్దున పట్టీ మార్చిందీ అతనే. నేను ఆగిపోదామన్నాను."

విల్‌ఫ్రెడ్‌కి సగం అర్థమైంది, సగం కాలేదు. ఆయన మనవరాలి భుజం పట్టుకుని నిలబడ్డాడు.

"మరి ఇన్నాళ్ళూ నువ్వెందుకు మొయ్యాలి?" అంది బ్రిజెట్.

"నేనంటే నీకు ముందే పడదు, నాకు పోయేదేముంది? అతనికి నువ్వొక్కదానివే మిగిలావు. బుధవారాలు నీ దగ్గరికొచ్చి ఏడిస్తే గానీ నిద్రపట్టేది కాదు. ఆ ఒక్క తలుపూ నేనెందుకు ముయ్యాలి అనుకున్నాను." లోర్నా మాస్కు తడిసిపోయింది. "అనుకోవడం నా తెలివితక్కువతనం."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బ్రిజెట్ రెండేళ్ళు పరాయి గుమ్మం ముందు కాపలా కాసింది, దొంగకేమో తన వంటింట్లోనే వేడివేడిగా వడ్డించింది. అతని కన్నీళ్ళు తుడిచిన చెయ్యి ఇప్పుడు మండుతోంది. పగ ఎక్కడికీ పోలేదు. చల్లారనూ లేదు. అది మరదల్ని వదిలి తన రక్తం దారి పట్టింది, అంతే. పరాయిదాని మీద పెట్టుకున్నప్పటికంటే అది ఇప్పుడు ఎక్కువ బరువుగా ఉంది.

"నాన్నా" అంది టాబిథా. "నానమ్మ బుగ్గమీద నేను ముద్దుపెట్టాను ఆరోజు. నావల్లే అనుకున్నా ఇన్నాళ్ళూ. నీకు చెప్పాను కూడా. నువ్వేమన్నావు? ఆ సంగతి మర్చిపో అన్నావు."

హ్యూగో సంచి కిందపెట్టి బూట్లవంక చూసుకున్నాడు. అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అదివరకు కూడా ఎప్పుడూ లేదు, ఏమీ చెప్పకపోవడాన్నే ఇంటిల్లిపాదీ మంచితనమనుకున్నారు.

బ్రిజెట్ కంచె దగ్గరికి నడిచి, లోర్నాకి ఎదురుగా నిలబడింది. "నీకేం లేదు. ఆ పట్టీ మీద నేను వేసింది నారింజరసం. నీ అసలు పరీక్ష మేడమీద చేసి చూశాను, ఒకటే గీత. వెళ్ళి మీ నాన్నని పట్టుకో."

లోర్నా ఆమె మొహంలోకి చూస్తూ ఒకడుగు ముందుకేసింది. కొడుతుందనుకుంది బ్రిజెట్, కొట్టించుకోవడానికి సిద్ధంగానే నిలబడింది. లోర్నా కొట్టలేదు. మాస్కు పీకి గడ్డిలో పారేసి, తండ్రి దగ్గరికెళ్ళి ఆయన భుజం మీద తల పెట్టి, ఊళ్ళోవాళ్ళు వింటారన్న ఆలోచన లేకుండా ఏడ్చింది. పొద్దుట్నుంచీ ఆయనకి చావు మోసుకొస్తున్నానేమోనని హడలిపోయిన ఏడుపు అది. తర్వాత తలెత్తి అంది, "ఈ రోజు చేసినదానికి నిన్ను నేను క్షమించను బ్రిజెట్."

"వద్దు" అంది బ్రిజెట్. "క్షమించకు."

విల్‌ఫ్రెడ్ కూతురి వీపు తడుతూ, ఏదైనా లోపలికెళ్ళి మాట్లాడుకోవచ్చు, చేపల కూర ఆరిపోతోంది, ముందు అందరూ తినండి అన్నాడు. లోర్నా, టాబిథా ఆయనతో లోపలికి నడిచారు. వాళ్ళ వెనక హ్యూగో మళ్ళీ సంచి ఎత్తుకుని రెండడుగులు వేశాడు. బ్రిజెట్ అతనికంటే ముందు గుమ్మం ఎక్కి, తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నువ్వు కాదు."

"బ్రిజ్, అందరూ చూస్తున్నారు. గొడవ..."

"నీకు జ్వరం లేదని నేనెలా నమ్మను హ్యూగో? లోపల ఒక పెద్దాయన ఉన్నాడు."

అతను లోర్నావంక చూశాడు. లోర్నా నడవాలో కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తోంది, వెనక్కి తిరగలేదు. అతను మెట్టు దిగి, చినుకుల్లో కారు దగ్గరికెళ్ళి, డ్రైవర్ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. అతను గొడవ చెయ్యకపోవడం జీవితంలో మొదటిసారి బ్రిజెట్‌కి నచ్చింది.

వంటింట్లో విల్‌ఫ్రెడ్ బల్ల మీద అయిదు కంచాలు పెట్టి ఉంచాడు. చేపల కూర పళ్ళెం మధ్యలో పొగలు కక్కుతోంది. అందరూ కూర్చున్నారు, ఎవరూ గరిట ముట్టుకోలేదు. పోనీ ఒక కంచంలో పెట్టి కారు దగ్గరికి పంపుదామా అన్నాడు ముసలాయన, ఎవరివంకా చూడకుండా. అప్పుడు టాబిథా లేచి, తండ్రి కోసం పెట్టిన కంచం తీసుకుని, చేతిగుడ్డతో ఒకసారి తుడిచి, అలమరాలో మిగతా కంచాల మీద పెట్టి తలుపు మూసింది. తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది.

బ్రిజెట్ ఆ పిల్ల మొహంలోకి చూసింది. అక్కడ ఉన్నదేమిటో ఆమెకి బాగా తెలుసు, రెండేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నదే. వద్దు తల్లీ, అది నీకొద్దు అని చెప్పగలిగే మనిషి ఆ బల్ల దగ్గర తానొక్కతే. ఆమె చెప్పలేదు. గరిట తీసి మేనకోడలికి మొదట వడ్డించింది.